మిట్ట మీద రెండో కాగు

రాజపాళయం నుంచి చోళపురం పోయే బస్సెక్కితే నేను ఇప్పటికీ ఎండ పడే పక్క కిటికీ దగ్గరే కూర్చుంటాను. నీడ ఉండగా ఈ ముసలామెకు ఇదేం పిచ్చి అని పక్కవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ. ఆ పక్కనే మా మూడెకరాల చేను ఉండేది. నల్లరేగడి, పత్తి బాగా పండేది. చేను చివర మాత్రం గులకరాళ్ళ మిట్ట ఒకటి ఉండేది, దాని మీద తుమ్మమొక్క కూడా ఏడుస్తూ పెరిగేది. వాన వెలిసిన మర్నాడు పోయి చూస్తే ఆ మిట్ట నేలలో ఎర్రటి గుండ్రాలు తేలి కనిపించేవి. అవి కాగుల మూతులు. మనిషి ముడుచుకుని కూర్చుంటే పట్టేంత కాగులు, నిలువునా పాతిపెట్టి ఉండేవి. ఎవరు పాతారో, ఎప్పుడు పాతారో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ ఉండేదీ కాదు. ఎడ్లు మేపేవాళ్ళు వాటి అంచుల మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాళ్ళు.

మావాళ్ళు వాటిని పెద్దోళ్ళ కాగులు అనేవాళ్ళు. వెనకటి కాలంలో మనుషులకు చావు ఉండేది కాదట. వయసు మీదపడేకొద్దీ చిన్నగా అయిపోతూ, అయిపోతూ, చివరికి పసిబిడ్డంత అయ్యేవాళ్ళట. ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు దీపం గూట్లో కూర్చోబెట్టి చూసుకునేవాళ్ళట. అదీ చేతకాని నాడు కాగులో కూర్చోబెట్టి, కాస్త కూడూ నీళ్ళూ పెట్టి, మిట్ట మీద వదిలి వచ్చేవాళ్ళట. ఈ కథ మా వీధిలో చదువుకున్నవాళ్ళూ నమ్మేవాళ్ళు, చదువుకోనివాళ్ళూ నమ్మేవాళ్ళు. నేనైతే కళ్ళతో చూసినట్టే నమ్మాను.

ఆ కాగుల్లో రెండోదానిలో మా అత్త కొడుకు ఉండేవాడు. పాత కాలం వాడు కాదు, నేను చంకనెత్తుకుని వీధంతా తిప్పినవాడు. ఆ సంగతి నాకు పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. తెలియక నేను చేసిన పని ఒకటి ఉంది, అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

అత్త అంటే మా నాయనకు అక్క. ఏడాది నిండిన బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చిన చిత్తిర నెలలో ఊరంతా అమ్మవారు పోసింది. నాకు ఆరేళ్ళు. నన్ను ముందే సేత్తూరులో మా అమ్మమ్మ ఇంటికి తోలేశారు. తిరిగి వచ్చేసరికి ఉయ్యాల విప్పేసి ఉంది. బిడ్డ ఏడీ అంటే అమ్మ నా నోటి మీద చెయ్యి వేసింది. పసిబిడ్డలను మేము కాల్చం, పూడుస్తాం. గుర్తు పెట్టం, రాయి వేయం, దినాలు చేయం. కన్నతల్లి ఆ చోటికి పోకూడదు, పోయి ఏడిస్తే ఆ బిడ్డ మళ్ళీ కడుపున పడదని మా ఇళ్ళలో గట్టి నమ్మకం. ఆ రోజు నాయన కూడా అదే జబ్బుతో పడి ఉన్నాడు. బిడ్డను తీసుకుపోయింది మా మామ, అంటే అత్త మొగుడు, ఆయన వెంట కూలికి వచ్చిన ఒక పరదేశి. మిట్ట మీద ఎక్కడో పూడ్చారని మాత్రం ఇంట్లో తెలుసు. రెండేళ్ళు తిరక్కుండా మామ కూడా పోయాడు. అత్త పుట్టింటికే వచ్చేసింది. ఇక ఆ ఎక్కడో అన్నది ఎక్కడో, అత్త ఒక్కదానికే తెలుసు.

సంక్రాంతి వెళ్ళాక తై, మాసి నెలల్లో పత్తి తీతకు పోయేవాళ్ళం. పైటపూట సజ్జ సంకటి తిన్నాక అందరూ తుమ్మనీడన నడుం వాలిస్తే, అత్త నన్ను లేపుకుని మిట్ట ఎక్కేది. అత్త పోయేది ఎప్పుడూ రెండో కాగు దగ్గరికే. మిగతా కాగుల మీద ముళ్ళూ మట్టీ పేరుకుని ఉండేవి, అదొక్కటి మాత్రం కొంగుతో తుడిచినట్టు ఉండేది. అత్త తన సంకటిలోంచి నిమ్మకాయంత ముద్ద తీసి ఒక పెంకు మీద పెట్టేది. మజ్జిగ నాలుగు చుక్కలు పోసేది.

"ఎవురికత్తా?" అని అడిగేదాన్ని.

"పెద్దోళ్ళకి. మనల్ని చూసుకుంటారు కదా."

"మనల్ని ఏంటికి చూసుకోవాల? మనం పెద్దగా ఉండాము కదా."

"చిన్నోళ్ళు ఎవురన్నా ఉంటే చూసుకుంటారులే."

"నీవూ చిన్నగా అయిపోతావా అత్తా?"

"ఆమా, అయిపోతాను. అప్పుడు నన్ను నీవు చంకన ఎత్తుకోవాల," అని నవ్వేది. షిఫ్టు మారేటప్పుడు కూసే మిల్లు సంగు మోగేదాకా అక్కడే కూర్చునేవాళ్ళం. పడమర కొండల మీద మబ్బు నీడలు నడిచిపోతుంటే అత్త చూస్తూ ఉండేది. నాకు ఆ మధ్యాహ్నాలంటే ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ సంకటి వాసన, అత్త చేతికి అంటుకున్న దూది, ఆ ఎర్రమట్టి అంచు మీద నా కాళ్ళు, ఏదీ తిరిగి రాదని తెలిసీ మనసు అక్కడికే పోతుంది. మా అమ్మ మాత్రం దెప్పేది. "మీ అత్తకి ఇంట్లో ఉండే మనుషులకన్నా కుండల్లో ఉండే మనుషులే సొంతం," అనేది. 

నేను ఆరో క్లాసులో ఉండగా మా బడికి మదురై వైపు నుంచి కొత్త వాద్యారు వచ్చాడు. బక్కపల్చటి మనిషి, పాతవి అంటే పిచ్చి. పాత కాసు, పాత పెంకు, ఏది చూపించినా కళ్ళు వెలిగేవి. ఒకరోజు క్లాసులో అడిగాడు, మీ ఊళ్ళ చుట్టుపక్కల నేలలో పూడ్చిన పెద్ద కుండలు ఎవరైనా చూశారా అని. నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. అందరికంటే ముందు నా చెయ్యి లేచింది. చూశాను సార్, మా చేన్లోనే ఉన్నాయి సార్ అని అరవంలో గడగడా చెప్పేశాను. ఆయన నన్ను ముందు బెంచీకి పిలిచి కూర్చోబెట్టాడు. ఆ గొప్పకు నాకు ఆ పూట అన్నం కూడా సహించలేదు.

ఆ ఆదివారం వాద్యారు పలుగూ పారా పట్టించుకుని, ఎనిమిదో క్లాసు పిల్లలు నలుగురితో మా చేనికి వచ్చాడు. వాద్యారంతటివాడు తన చేనికి వచ్చాడని నాయన పొంగిపోయి టెంకాయలు కొట్టించి ఇచ్చాడు. అత్త ఊళ్ళో లేదు. సేత్తూరులో పెళ్ళికి పోయి రెండు రోజులైంది. ఏ కాగు బాగుందమ్మా అని వాద్యారు నన్నే అడిగాడు. నేను నేరుగా రెండోదాని దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాను. అదే కదా శుభ్రంగా ఉండేది, అంచు చెదరకుండా ఉండేది. మా అత్త తుడిచి తుడిచి ఉంచుకున్న కాగును నేను వేలు పెట్టి చూపించాను. ఆ వేలును తలుచుకుంటే ఇప్పటికీ దాన్ని కొరుక్కోవాలనిపిస్తుంది.

మోచేయి లోతు మట్టి తీయగానే చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి. పక్కనే నల్లపూసలు, ఏడు. ఇంకా కిందికి పోతే పెద్ద ఎముకలు, తుప్పు పట్టిన ఇనుప ముక్క, చిన్న చిన్న ముంతలు. కాగును పైకి లేపబోతే మూడు ముక్కలైంది. నాయన ఆ చిన్న ఎముకలు చూసి చేతులు జోడించాడు. "పాపం, ఎంత చిన్నగా అయిపోయినాడో చూడు పెద్దాయన," అన్నాడు. పలుగు పట్టిన పిల్లలు కూడా చెప్పులు విప్పేశారు. వాద్యారు నవ్వి, అదంతా కట్టుకథ, ఇది ఆ కాలపు బిడ్డే అన్నాడు. చూడండి, మావాళ్ళు ముసలివాడనుకున్నారు, చదువుకున్నవాడు పాతకాలపు బిడ్డ అనుకున్నాడు. అయిదేళ్ళ కిందట ఈ మిట్ట మీదే మన ఇంటి బిడ్డను పూడ్చామన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. నాయనకు తట్టలేదు. కథ అంత గట్టిగా పట్టుకుని ఉంది మమ్మల్ని.

అత్త మంగళవారం వచ్చింది. గంప కిందికి దించకముందే నేను ఎదురుపోయి చెప్పేశాను, మా వాద్యారు వచ్చినాడు, కాగు తవ్వినాడు, అందులో ఎముకలూ పూసలూ మా పళ్ళికూడంలో అద్దాల బీరువాలో పెట్టినాడు అని.

"ఏ కాగు?" అంది అత్త.

"నీదే అత్తా. రెండోది. నేనే చూపించినాను."

 అత్త గంప దించి, చేనివైపు నడిచిపోయింది. పొద్దుగుంకే వేళకు తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంది. అన్నం వద్దంది. పెళ్ళిలో ఎక్కువ తిన్నట్టుందని అమ్మ నవ్వింది.

మర్నాడు నాతో బడికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఆమె బడి గడప తొక్కడం అదే మొదలు. వాద్యారు మర్యాదగా బీరువా దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. అద్దం వెనక అట్టపెట్టెలో దూది పరిచి ఎముకలు పేర్చి ఉన్నాయి. దారానికి గుచ్చిన పూసలు పక్కన ఉన్నాయి. అత్త అద్దం మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని ఏడుదాకా లెక్కపెట్టింది. చదువు రానివాళ్ళు ఏది చూసినా లెక్కపెడతారులే అనుకున్నాను నేను, ఎంత తెలివో నాకు.

"ఈ చీటీలో ఏం రాసినారు?" అని అడిగింది.

అరవంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. చిన్నబిడ్డ ఎముకలు, పూసలు, సుమారు రెండువేల ఏండ్ల నాటివి అని.

"రెండువేలా," అంది. అద్దం మీది నుంచి వేలు తీసి, "చదువుకున్నోరు రాసినారు. అట్లే ఉండనీ," అంది. వాద్యారుకు దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆ క్షణాన ఒక్క మాట అని ఉంటే ఆ పెట్టె ఆమె చేతికి వచ్చేది. ఎందుకు అనలేదో చాలా ఏళ్ళు ఆలోచించాను. అంటే తాను గుంత దగ్గరికి పోతున్నట్టు బయటపడుతుంది. అంటే, మేనల్లుణ్ణి తన చేన్లోనే తవ్వనిచ్చిన తమ్ముడు తలెత్తుకోలేడు. అంటే పదకొండేళ్ళ నేను ఏమైపోతానో. మూడోదే అసలు కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ జూన్‌లో బడిలో ఊడ్చి నీళ్ళు మోసే ఆయా మానేసింది. అత్త పోయి ఆ పనిలో చేరింది. ఇంట్లో పెద్ద రభస. మన ఇంటి ఆడమనిషి పదిమంది పిల్లల కాళ్ళమట్టి ఊడుస్తుందా అని నాయన రెండు రోజులు మాట్లాడలేదు. "ఇంట్లో చుమ్మా కూర్చొని ఏం చేసేది?" అని మాత్రం అంది అత్త. ఎనిమిదేళ్ళు ఆ పని చేసింది. ఒక్క రోజు నాగా లేదు. జ్వరం వచ్చినా చీర కొంగు చెవులకు చుట్టుకుని పోయేది. బీరువా అద్దం మీద ఈగ వాలిన మరక కూడా ఉండేది కాదు.

నేను ఆ బడిలో ఎనిమిది ముగించి, వేరే బడిలో చదివి, టీచరు ట్రైనింగు చేసి, పంతొమ్మిదేళ్ళకు మళ్ళీ అదే బడికి టీచరుగా వచ్చాను. పాత వాద్యారు ఎప్పుడో బదిలీ అయిపోయాడు. చేనికి కరెంటు మోటారు వచ్చింది. మోటారు వచ్చాక నాయనకు మిట్ట కంట్లో నలుసైంది. దాన్ని కూడా చదును చేయించి పత్తి వేశాడు. కాగులన్నీ పెంకులై మట్టిలో కలిశాయి. ఆ మాట ఇంట్లో చెప్పుకున్న రోజు అత్త పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనె తీస్తోంది. చెయ్యి ఆగింది, మళ్ళీ తీసింది.

బడిలో మొదటి వారమే ఒకటి గమనించాను. అత్త పొద్దున్నే వచ్చి ఎనిమిదో క్లాసు గది ముందు తెరిచేది. అది గేటుకు ఆ చివర ఉంది. అంతదూరం నడిచిపోయి, దాన్ని ఊడ్చి, బెంచీలు తుడిచి, తర్వాత ఒకటో క్లాసుకు వచ్చేది. గేటు పక్కనుంచి మొదలుపెట్టుకుంటూ పోతే సులువు కదా అంటే, "నా అలవాటు నాది," అనేది. పాత టీచరమ్మ ఒకామె నవ్వుతూ చెప్పింది, పోయినేడు ఏడో క్లాసు ముందు, అంతకుముందు ఆరు, ఏడాదికొక పిచ్చి మీ అత్తకు అని. నేనూ నవ్వాను. నేను చదివేటప్పుడు అత్త ఒకటో క్లాసుతో మొదలుపెట్టేది, మరుసటేడు రెండో క్లాసుతో. అది గుర్తొచ్చినా నా మట్టిబుర్రకు ఏమీ అర్థం కాలేదు.

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయి బడి మూసే రోజు, కొత్త హెడ్మాస్టరు నన్ను పిలిచాడు. సైన్సు సామాను వస్తోంది, బీరువా ఖాళీ చేయించమ్మా, ఆ ఎముకలు ఎక్కడైనా పారేయించు అన్నాడు. పిల్లలందరూ వెళ్ళిపోయారు. నేను బీరువా తాళం తీసి, "అత్తా, ఆ అట్టపెట్టె తీసి చెత్తలో వెయ్యి," అన్నాను.

అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చెత్తలో వద్దు పాపా," అంది. "ఆ పూసలు చూడు. నాలుగోది ఓరగా పగిలింటుంది. వాడు కొరికినాడు, పండ్లు వచ్చేటప్పుడు."

పూసలు తీసి చూశాను. నాలుగోది పగిలే ఉంది.

 నేలమీదే కూర్చుండిపోయాను. అత్త కూడా పక్కన కూర్చుని చెప్పింది, పత్తి ధర చెప్పినంత మామూలుగా. చిత్తిర ఎండకు నేల రాయిలాగా ఉండిందట. పలుగు దిగక, దిగక, చివరికి కాగు మూతికి తగిలిందట. సగం ఖాళీగా ఉంటే మామ బిడ్డను అందులోనే దించాడట, నక్కలు తవ్వలేవని. దిష్టిపూసలు విప్పడానికి మనసు రాలేదట. ఇంటికి వచ్చి ఆమె ఒక్కదానికే చెప్పాడట.

"గుంతలో ఒంటిగా ఉండాడని ఏడవొద్దు, అంతమంది పెద్దోళ్ళు ఉండారు, చూసుకుంటారు అని చెప్పినాడు మీ మామ. నేను ఆ ధైర్యంతోనే ఉండినాను."

"నేనే కదత్తా వాణ్ణి తవ్వించినాను. నేనే చూపించినాను," అని ఏడ్చాను. జీవితంలో నేను అంత ఏడ్చింది లేదు.

"నీవు ఏడవకు. మొదట్లో నాకూ గుండె పగిలింది, లేదనను. ఆ పొద్దు ఈ బీరువాకాడ నిలబడుకున్నానే, అప్పుడు పక్కగదిలో ఒకటో క్లాసు పిల్లకాయలు పాట పాడతా ఉండారు. వీనికీ ఆరేండ్లు కదా అనుకున్నాను. బడిలో వేసే వయసు." కొంగుతో నా ముఖం తుడిచింది. "వాడు ఏ క్లాసులో ఉండాడో ఆ గది ముందు ఊడ్చినాను. అంతే. ఇప్పుడు ఎనిమిది అయిపొయ్యింది. ఈ బడిలో ఇంక పై క్లాసు లేదు కదా."

నా భుజానికి గుడ్డసంచి ఉంది, పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకునేది. అత్త దాన్ని తీసుకుని పేపర్లు బెంచీ మీద పెట్టింది. అట్టపెట్టెను అందులోకి నిదానంగా దించింది. సంచిని తన భుజానికే తగిలించుకుంది.

"పోదాం పద. బడి విడిచినారు," అంది.

చోళపురం రోడ్డు మీద ఇద్దరం నడిచిపోయాం. ఎండ తగ్గింది. మిల్లు సంగు మోగింది, సైకిళ్ళ మీద జనం ఎదురొస్తున్నారు. మిట్ట ఉండిన చోట ఇప్పుడు పత్తిమోళ్ళే ఉన్నాయని, కాగులు లేవని, పెద్దోళ్ళెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. అత్త పనిలో ఎంత వంగిపోయిందో, నా భుజానికి కూడా రావడం లేదని అప్పుడు గమనించాను. సంచి నేను మోస్తానంటే ఇవ్వలేదు.  మా చేని గట్టు కనిపించాక ఆగి, నావైపు తిరిగింది.

"పాపా, నీవు వాద్యారమ్మవి కదా. వాడు పాసయినాడా?"

"పాసే కాదత్తా, క్లాసులో ఫస్టు," అన్నాను.

"అబద్ధం చెప్పొద్దు," అంది. "వాళ్ళ నాయన మాదిరి సోమరోడు వాడు. పాసయితే చాలు." సంచిని కొంచెం సర్దుకుని, గట్టు దిగింది.